రెండుసార్లు తప్పాను, ఇంకా ఆశ పెట్టుకోవచ్చా?

సమస్య: మాది బుచ్చిరెడ్డిపాళెం. నాకు 29 ఏళ్ళు. బీకాం చదివి నెల్లూరులో ఒక రైస్ మిల్లు ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. మావారు పోర్టు దగ్గర పని చేస్తారు. ఐదేళ్ళ బాబు. సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) కోర్సులో ఇంటర్ మొదటి గ్రూపు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ జూన్‌లోనే, రెండుసార్లూ పోయింది. ఈసారి లా 41, ఫైనాన్షియల్ అకౌంటింగ్ 58, టాక్సేషన్ 46, కాస్ట్ అకౌంటింగ్ 48 వచ్చాయి. పొద్దున్నే లేచి పాజిటివ్ థింకింగ్ వీడియోలు చూస్తాను. ‘నేను సాధిస్తాను’ అని రోజూ 108 సార్లు రాస్తాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ ధైర్యం ఉండదు. ‘ఏందమ్మా, ఉండే ఉద్యోగం చాల్లేదా’ అంటుంది మా అత్త. తోడికోడలు నవ్వుతుంది. నాలోనే ఏదో లోపం ఉందేమో. ఆశ వదులుకోమంటారా?
– ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరం చదువుతూ మార్కుల దగ్గర ఆగిపోయానమ్మా. కాగితం తీసుకుని మొత్తం కూడి చూశాను. 193. ప్రతి పేపరులో 40, నాలుగూ కలిపి 200 వస్తే గ్రూపు పాసవుతారు. మీకు ఏ పేపరూ పోలేదు. మొత్తంలో 7 తగ్గాయి. ఉద్యోగం చేస్తూ, పిల్లాణ్ణి చూసుకుంటూ, కోచింగ్ మాట కూడా ఎత్తకుండా మీరు ఇక్కడిదాకా వచ్చారు. మొదటిసారి మార్కుల కాగితం కూడా తీసి దీని పక్కన పెట్టుకోండి. ఏ పేపరులో ఎంత పెరిగిందో, ఎక్కడ ఆగిందో పెన్సిలుతో రాయండి. మీ మీద మీకు నమ్మకం కలిగించే మాట ఏదైనా ఉంటే ఆ రెండు కాగితాల్లోనే దొరుకుతుంది.

ఇక ఆ 108 సార్లు రాయడం. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు రామకోటి రాస్తారు. నమ్మకం ముందే ఉంది కాబట్టి రాస్తుంటే వాళ్ళ మనసు కుదుటపడుతుంది. మీరు రాస్తున్న మాట మీరే నమ్మడం లేదు. ఒక్కో వరుస రాస్తుంటే లోపలినుంచి ‘ఏం సాధించావు’ అనే మాట వస్తూ ఉండాలి, అవునా? కెనడాలో జోఆన్ వుడ్ అనే సైకాలజిస్టు, తోటి పరిశోధకులు కలిసి 2009లో ఇదే సంగతి బయటపెట్టారు. తమమీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్ళ చేత ‘నేను ప్రేమించదగ్గ మనిషిని’ అని పదేపదే అనిపిస్తే వాళ్ళ మనసు తేలికపడకపోగా ఇంకాస్త కుంగింది. కాబట్టి ఆ నోటుబుక్కు ఆపేయండి. వీడియోలు కూడా కొన్నాళ్ళు మానేయండి. పొద్దున చదువుకు దొరికే ఆ అరగంటను అవే తినేస్తున్నాయి.

మరి సాయంత్రానికి ధైర్యం ఎందుకు పోతోంది? నాకు తోచింది చెబుతాను. మీరు పనిచేసేది రైస్ మిల్లులో. మన నెల్లూరులో రబీ కోతలు మార్చి, ఏప్రిల్‌లో. వడ్ల లారీలు మిల్లు ముందు బారులు తీరే రోజులవి. మార్చి 31 లెక్కల ముగింపు కూడా అప్పుడే. ఆ రెండు నెలలు ఆఫీసులో మీ పని ఏ వేళకు తెమిలేదో నేను ఊహించగలను. అది దాటి ఊపిరి తీసుకునేలోపు జూన్ పరీక్ష వచ్చిపడుతోంది. రెండుసార్లూ మీరు ఏడాదిలో అన్నిటికంటే అలిసిపోయిన సమయంలోనే పరీక్ష హాల్లో కూర్చున్నారు! దాన్ని మీ లోపం అని ఎలా అంటారు? డిసెంబరులో కూడా పరీక్ష ఉంటుంది కదా. అప్పటికి పొలాల్లో నాట్ల హడావుడి ఉంటుంది గానీ మిల్లులో ఉండదు. అంతకుముందు ఎడగారు (రబీ తర్వాత వేసే పంట) వడ్లు వచ్చినా రబీ అంత ఒత్తిడి ఉండదు. ఈసారి డిసెంబరుకు కట్టండి. ఫారం ఆఖరి తేదీ ఇప్పుడే చూసి క్యాలెండరు మీద రాసుకోండి.

నెలలో కూడా ఇలాగే చూసుకోండి. 11న జీఎస్టీఆర్-1, 20న 3బి, ఈ రెండు జీఎస్టీ రిటర్నులకూ గడువు తేదీలు. ఆ తేదీల ముందు రోజుల్లో చదువు సాగదు, సాగలేదని బాధపడొద్దు. 21 నుంచి నెలాఖరు దాకా ఉన్న సాయంత్రాలు మాత్రం మీవి, వాటిని గట్టిగా పట్టుకోండి.

గాబ్రియేలె ఓటింగెన్ అనే జర్మన్ సైకాలజిస్టు చదువు పూర్తవుతున్న విద్యార్థులను రెండేళ్ళపాటు గమనించారు. మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తీయగా ఊహించుకున్నవాళ్ళు దరఖాస్తులు తక్కువ పెట్టారు, వాళ్ళకు వచ్చిన జీతాలు కూడా తక్కువే. కోరికను ఊహించుకోవడం తప్పని ఆవిడ అనలేదు. కోరిక పక్కనే అడ్డంకిని కూడా ఊహించుకుని, అది ఎదురైతే ఏం చేయాలో ముందే అనుకోమన్నారు. మీ విషయంలో అది ఇలా ఉంటుంది: ‘బస్సు దిగేసరికి తల బరువెక్కితే, కొత్త పాఠం జోలికి పోను, లా పేపరులో ఒక్క ప్రశ్నకు జవాబు చేత్తో రాస్తాను.’ అంతే. రోజూ ఒక్కటి. మీకు తక్కువ వచ్చింది అక్కడే కాబట్టి లా అంటున్నాను. లెక్కలు మీ చేతికి అలవాటు, ఇంగ్లీషులో పేరాలు రాయడం అలవాటు లేదు, అనుకుంటాను. విషయం ఏమిటి, ఏ సెక్షన్ వర్తిస్తుంది, చివరికి ఏం తేలింది, ఈ మూడూ వరసగా రాయండి. రాసినదాని కింద తేదీ వేయండి. నెల తిరిగేసరికి ఆ పుస్తకంలో మీరు నమ్మగలిగే పేజీలు ఉంటాయి.

అత్తగారి మాట గురించి. పక్క జిల్లాకు పేరైన ప్రకాశం పంతులు గారిని చదివించడానికి ఆయన తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. కొడుకు పైకి రావాలంటే ఇంటిల్లిపాదీ బరువు మోయాలన్నది మనకు తెలిసిన సంగతే. కోడలికి ఆశ ఉంటే మాత్రం ‘చాల్లేదా’ అని అడుగుతాం. ఈ తేడా నాకు చాలా బాధ కలిగిస్తుంది. అయినా మీ అత్త చెడ్డదని నేను అనుకోను. కోడలు రాత్రిళ్ళు ఏడవడం చూసి భయపడే మనిషి కూడా ఇదే మాట అంటుంది. ఆవిడకు పరీక్ష పేరు తెలియనక్కర్లేదు. ‘అత్తా, డిసెంబరు దాకా సాయంత్రం ఒక గంట నన్ను వదిలెయ్యి, తర్వాత నువ్వు చెప్పినట్టే’ అని లెక్కగా అడిగి చూడండి. తోడికోడలికి సంజాయిషీ చెప్పే అవసరం లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం రెండు వారాలు దాటినా, బతకడం దేనికి అనిపించినా ఆలస్యం చేయకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మీవారి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. ఆయన వద్దన్నారని రాయలేదు, సాయం చేస్తారనీ రాయలేదు. బహుశా మీరు అడిగి ఉండరు. ఈ ఆదివారం మార్కుల కాగితాలు రెండూ ఆయన ముందు పెట్టి, 193 అంటే ఏమిటో చెప్పండి. 21 నుంచి నెలాఖరు దాకా బాబుకు అన్నం పెట్టి పడుకోబెట్టే పని ఆయనకు అప్పజెప్పండి.