38 ఏళ్లు, ఆరేళ్ల గ్యాప్: రెజ్యూమేలో ఏం తీసేయాలి?

మీ వయసు 38, ఉద్యోగంలో ఆరేళ్ల గ్యాప్, ఇంటర్వ్యూలో "మళ్లీ పిల్లల ప్లాన్ ఉందా?" అని అడిగారన్నారు. నన్నూ అడిగారండీ, మంచినీళ్లు కావాలా అన్నంత మామూలుగా! ముందు రెజ్యూమే చివర ఉండే పుట్టిన తేదీ, "వైఫ్ ఆఫ్" తీసేయండి. డిగ్రీ పక్కన సంవత్సరం కూడా వద్దు, దాన్ని బట్టే వయసు లెక్కేస్తారు. గ్యాప్ మాత్రం దాచకండి, ఒక్క లైన్లో రాసేయండి. ఆ ప్రశ్న మళ్లీ వస్తే "టైమింగ్స్ గురించైతే నాకు ఇబ్బంది లేదండీ" అని మాట పని మీదికి మళ్లించండి. 2019 వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం 3వ సెక్షన్ ప్రకారం ఒకే రకం పనికి తీసుకునేటప్పుడు ఆడా మగా తేడా చూపకూడదు. వయసు విషయంలోనే, ప్రైవేటు ఉద్యోగాలకు మనకు ప్రత్యేక చట్టం లేదు. "మగవాళ్లే కావాలి" అన్న ప్రకటన గానీ మెయిల్ గానీ కనిపిస్తే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు తీసేస్తారు.