నీళ్లు తగ్గితే ఎక్కడికి పోయాయో వెతుకు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో నిన్న రాత్రి నుంచి పదిసార్లు చూశాను. ముదురాకుపచ్చ రోవర్ 75 టూరర్ (వెనక పొడవాటి డిక్కీ ఉన్న ఎస్టేట్ రకం), 1.8 టర్బో, 2003 బండి. మీ అత్తయ్యకి చూపిస్తే “మీ పిచ్చి వాడికీ పట్టింది” అని నవ్వింది. నాకు ముందు గర్వంగా అనిపించింది. తర్వాత నిద్ర పట్టలేదు. నువ్వు బ్రిటన్ వచ్చి రెండేళ్లు కాలేదు, అప్పుడే నీ జీతంతో కారు కొంటున్నావు. బావ ఉండి ఉంటే తెనాలి అంతా చెప్పుకుని తిరిగేవాడు. కానీ అది ఇరవై ఏళ్లు దాటిన టర్బో కారు. అందులో పాప కూర్చుంటుంది, వచ్చే వేసవిలో మీ అమ్మ కూర్చుంటుంది. అందుకే రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే “సరే మామయ్యా, సరే మామయ్యా” అని పెట్టేస్తావు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. బండి నంబర్ కొడితే ఎంఓటీ (ఏటా జరిగే బండి ఫిట్‌నెస్ పరీక్ష) చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది, ఏ ఏడాది ఏం రాశారో మొత్తం చదువు. లాగ్‌బుక్, అంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం, చూడకుండా డబ్బు ఇవ్వకు. పాత ఓనర్ కట్టిన రోడ్ ట్యాక్స్ నీకు పనికిరాదు, ఇన్సూరెన్సూ ట్యాక్సూ చేతిలో పడ్డాకే బండి కదిలించు. బర్మింగ్‌హామ్‌లో క్లీన్ ఎయిర్ జోన్ ఉంది, లండన్‌లో యూలెజ్ ఉంది, రెండూ పొగ ఎక్కువ వదిలే బళ్ల దగ్గర డబ్బు వసూలు చేసే ప్రాంతాలు. ఈ వయసు పెట్రోలు బళ్లలో కొన్నింటికి డబ్బు కట్టక్కర్లేదు, కొన్నింటికి కట్టాలి. అది కూడా నంబర్ కొట్టి చూసుకో, అమ్మేవాడి మాట మీద వదిలేయకు.

నీ ఎంపికని నేను తప్పు పట్టను. ఈ కారుని 1998 అక్టోబరులో ఇక్కడే, బర్మింగ్‌హామ్ మోటార్ షోలో, మొదటిసారి జనానికి చూపించారు. అప్పుడు రోవర్ బీఎండబ్ల్యూ చేతిలో ఉంది. మొదట్లో దీన్ని ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీ ఫ్యాక్టరీలో చేశారు. కౌలీ అంటే మనకి పరాయి ఊరు కాదురా. తాతయ్య నడిపిన అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ తయారైంది అక్కడే. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి రోవర్ 75 ఎక్కడ కనిపించినా దూరపు చుట్టాన్ని చూసినట్టు ఆగి చూస్తాను. 2000లో బీఎండబ్ల్యూ రోవర్‌ని పది పౌండ్లకి వదిలించుకుంది. ఈ కారు తయారీ మా ఇంటికి దగ్గర్లోని లాంగ్‌బ్రిడ్జికి వచ్చింది. టూరర్ 2001లో, నువ్వు చూసిన టర్బో ఇంజన్ 2002లో వచ్చాయి.

2005 ఏప్రిల్లో లాంగ్‌బ్రిడ్జి మూతపడింది. ఆరు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ నెలలో ఆసుపత్రిలో నా దగ్గరికి గుండె దడ అనీ నిద్ర లేదనీ వచ్చిన మగవాళ్లలో ఎంతమంది అక్కడివాళ్లో. మా పక్కింటాయనా ఆ ఫ్యాక్టరీ మనిషే. ఇంజన్ల గురించి నాకు తెలిసిందంతా ఆయన కంచె అవతల నుంచి చెప్పిందే. నీకు ఇప్పుడు చెప్పేది కూడా సగం ఆయన చదువే అనుకో.

కాగితం మీద లెక్కలు బాగానే ఉంటాయి. 1796 సీసీ, 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), 215 న్యూటన్ మీటర్ల టార్క్. ఎంజీ జెడ్‌టీ-టీ పేరుతో వచ్చిన దీని తోబుట్టువులో అదే టర్బో ఇంజన్ 160 పీఎస్ ఇస్తుంది. 2003లో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో ఒక జెడ్‌టీ-టీ గంటకి 225 మైళ్లు దాటిందని నువ్వు నాకు మెసేజ్ పెట్టావు. నిజమే, కానీ అది రికార్డు కోసం ప్రత్యేకంగా కట్టిన బండి. నీది ఒకటిన్నర టన్నుల కుటుంబం బండి, గేర్లు మార్చుకుంటూ నెమ్మదిగా పోవడానికి హాయిగా ఉంటుంది. దాన్ని అలాగే నడుపు. డిక్కీ 400 లీటర్లు. ఎస్టేట్ కారుకి అదేమీ పెద్ద లెక్క కాదు, సీట్లు మడిస్తేనే 1222 అవుతుంది. మీ అమ్మ పెట్టెలు నీకు తెలుసు కదా, అందుకని టేప్ తీసుకెళ్లి కొలువు. వెనక అద్దం విడిగా తెరుచుకోవడం మాత్రం నాకు భలే నచ్చుతుంది. సంచీ వేయడానికి పెద్ద తలుపు ఎత్తక్కర్లేదు.

ఇక అసలు మాట. ఇది నిదానంగా చదువు.

చిన్నప్పుడు తెల్లవారగానే అంబాసిడర్ బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు పోయడం మా డ్యూటీ. మీ అమ్మ బిందె తెచ్చేది, నేను చెంబుతో పోసేవాణ్ణి. నీళ్లు చూడకుండా బండి కదిలితే తాతయ్య ఊరుకునేవారు కాదు. నీళ్లు తగ్గుతాయి, పోయాలి, అంతే. ఆ అలవాటు నాతోపాటు ఈ దేశం వచ్చింది.

1994లో నాకూ ఒక టర్బో ఎస్టేట్ ఉండేది. ఏ కంపెనీదో అనవసరం, తప్పు కంపెనీది కాదు, నాది. ఆ ఏడు అక్టోబరు నుంచి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ట్యాంకులో మట్టం తగ్గుతూ వచ్చింది. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి అర లీటరు పోసి, చాలా శ్రద్ధగా చూసుకుంటున్నానని సంబరపడేవాణ్ణి. పక్కింటాయన రెండుసార్లు అడిగాడు, “పోస్తున్నావు సరే, పోసింది ఎక్కడికి పోతోంది?” అని. ఎక్కడో చిన్న లీకు ఉంటుందిలే అన్నాను. కారు కింద తడి లేదు. తడి లేకపోతే నీళ్లు ఇంజన్ లోపలే పోతున్నాయేమో అన్న ఆలోచన రాలేదు. డాక్టర్ని, ఇంట్లో ఎవరైనా రోజూ కాస్త కాస్త బరువు తగ్గుతుంటే అన్నం ఎక్కువ పెట్టి ఊరుకుంటానా?

డిసెంబరులో అమ్మ మొదటిసారి వచ్చింది. హీత్రూ నుంచి తీసుకొస్తున్నాం. ఎం40 మోటార్‌వే మీద బ్యాన్‌బరీ దగ్గర, రాత్రి పది దాటింది. వెనక నుంచి మా అబ్బాయి “చలేస్తోంది నాన్నా” అన్నాడు. చెయ్యి పెట్టి చూస్తే హీటర్ నుంచి చల్లటి గాలి. నేనేం చేశానో తెలుసా? హీటర్ ఇంకా పెంచాను. హీటర్‌లోకి వేడి తెచ్చేది ఆ కూలెంటే, అది లేకపోతే వెచ్చటి గాలి రాదు. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది కదా అని ధైర్యంగా పోనిచ్చాను. సెన్సర్ చుట్టూ నీళ్లే లేనప్పుడు అది ఏం చెబుతుంది? అయిదు నిమిషాల్లో బండికి బలం పోయింది, బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. హార్డ్ షోల్డర్ (మోటార్‌వే అంచున అత్యవసరంగా ఆగే దారి) మీద ఆపాను.

రెండో తప్పు అక్కడ చేశాను. బయట చలి అని అందరినీ కార్లోనే కూర్చోబెట్టాను. కాసేపటికి పోలీసు వచ్చి ఎడమవైపు తలుపు తెరిచి, ఒక్కొక్కర్నీ దింపి, రెయిలింగ్ దాటించి గట్టు మీదకి ఎక్కించాడు. అమ్మ చీరలో, చెప్పుల్లో, మంచు పట్టిన గడ్డి మీద నిలబడింది. నాకు ఆ పోలీసు మీద కోపం వచ్చింది. తర్వాత ఒక లారీ పోయింది. ఖాళీ కారు అటూ ఇటూ ఊగింది. ఇంకో లారీ, మళ్లీ ఊగింది. ఒక్క అడుగు ఇటు వస్తే చాలు. నేను కారు వైపు చూడటం మానేసి, శాలువాలో మనవణ్ణి చుట్టుకున్న అమ్మ వైపు చూశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. “నీళ్లు పోయలేదా నాన్నా?” అంది.

పోశానమ్మా అన్నాను. రెండు నెలలు పోశాను.

ముప్పై ఏళ్లయింది. ఇప్పటికీ మీ అత్తయ్య రాత్రిపూట బయటి నుంచి రావడం అయిదు నిమిషాలు ఆలస్యమైతే నాకు ఆ ఊగుతున్న కారే గుర్తొస్తుంది.

అంబాసిడర్ వేరు, ఇది వేరు. ఇది మూసి ఉన్న వ్యవస్థ, కూలెంట్ తగ్గకూడదు. తగ్గితే వైద్యం కావాలి. పైగా నువ్వు కొనబోయే కె సిరీస్ ఇంజన్‌కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) జబ్బు అందరికీ తెలిసిందే. అల్యూమినియం ఇంజన్, అందులో తిరిగే కూలెంట్ తక్కువ, కాబట్టి కాస్త పోయినా వేడి గబుక్కున పెరుగుతుంది. పది పొడవాటి బోల్టులు పైన హెడ్ నుంచి అడుగు దాకా మొత్తాన్నీ శాండ్‌విచ్‌లా కలిపి బిగిస్తాయి. అందుకని గ్యాస్కెట్ మార్చడం ప్రతి మెకానిక్ పని కాదు. సిలిండర్ లైనర్లు (పిస్టన్లు కదిలే గొట్టాలు) సరైన ఎత్తులో ఉన్నాయా అని కొలిచే మనిషి కావాలి. “గ్యాస్కెట్ మార్చాం” అని అమ్మేవాడు అంటే రసీదు అడుగు. ఏ రకం గ్యాస్కెట్ వేశారు, బోల్టులూ కింది ఆయిల్ రెయిలూ (ఆ బోల్టులు దిగే అడుగు పట్టీ) మార్చారా, అన్నీ అందులో రాసి ఉండాలి. రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకో.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వెచ్చబెట్టి ఉంచితే వెనక్కి వచ్చేయ్. చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ ట్యాంకు మూత తీసి మట్టం చూడు, నూనె తెట్టు ఉందేమో చూడు. ఆయిల్ మూత అడుగున మీగడలాంటి పదార్థం ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయేమో, అడగాల్సింది చాలా ఉంది. ఇరవై నిమిషాలు నడిపి, హీటర్ వేడిగా వస్తోందా చూసి, మళ్లీ బానెట్ ఎత్తి, కూలెంట్ కారితే వచ్చే తియ్యటి వాసన వస్తోందేమో పీల్చు. రేడియేటర్ ఫ్యాన్ నెమ్మది వేగంలో తిరుగుతోందా చూడు, ఈ కార్లలో అది ఊరికే చచ్చిపోతుంది. టైమింగ్ బెల్ట్‌కి మైళ్లే కాదు, ఏళ్లు కూడా లెక్కే. తెగితే వాల్వులు పోతాయి, కాబట్టి తేదీ లేకపోతే కొన్న వారంలోనే మార్పించు.

ఇంకొకటి, ముందు అద్దం కింద ఆకులు పేరుకునే చోటు. ఆ తూములు పూడితే వాన నీళ్లు ఇంజన్ కంప్యూటర్ పెట్టెలోకి దిగుతాయి. ఆకురాలు కాలంలో పదిహేను రోజులకోసారి చేత్తో తీసేయ్. క్లచ్ పెడల్ మెత్తగా దిగిపోతుంటే వదిలేసి రా. దాని సిలిండర్ గేర్‌బాక్స్ లోపల ఉంటుంది, చిన్న ముక్కే అయినా కూలీ పెద్దది. వెనక తలుపు దగ్గర వైర్లు తెగుతాయి, అది నువ్వే చేసుకోగలవు. మోటార్‌వే మీద గట్టిగా వచ్చాక టర్బో చల్లబడేలా ఒక నిమిషం నిలిపి, తర్వాత ఇంజన్ ఆపు. కొన్న వెంటనే కూలెంట్ మట్టం తగ్గితే మోగే అలారం ఒకటి పెట్టించు. ఆ డబ్బు నేనిస్తాను. వద్దనకు, ఇది బావ ఇచ్చాడనుకో.

హీటర్ చల్లబడితే ముల్లు ఏం చెప్పినా సరే, ఆపేయ్. ఆపాక పాపతో సహా అందరూ ఎడమవైపు నుంచి దిగి రెయిలింగ్ దాటాలి. చలి అని కార్లో కూర్చోబెట్టకు. డిక్కీలో ఎప్పుడూ రెండు దుప్పట్లు పెట్టు, పాపకి ఒకటి, మీ అమ్మకి ఒకటి.

ఇదంతా చదివి నీకు టెన్షన్ వస్తే రానీ. నువ్వు ఆ కారు కొనాలనే నాకూ ఉంది. నిజం చెప్పాలంటే, నీకంటే ఎక్కువ ఉంది.

శనివారం చూడటానికి వెళ్తానన్నావు కదా. ఒక్కడివే వెళ్లకు. నేను పొద్దున్నే రైలెక్కి వస్తాను, స్టేషన్‌కి రా. టార్చ్, పాత తువ్వాలు నేను తెస్తాను. అమ్మేవాడికి ఈ రోజే ఫోన్ చేసి, మనం వచ్చేదాకా ఇంజన్ ముట్టుకోవద్దని చెప్పు.

మామయ్య