రక్త పరీక్ష చూసి టీమ్ ఎంచుకోవచ్చా?

చి. సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పిల్లల రక్త పరీక్ష కాగితాలు ముందేసుకుని, వీటిని చూసి హ్యాండ్‌బాల్ టీమ్ ఎంచుకోవచ్చా సార్ అని అడిగావు. వద్దమ్మా. ఎవరు ఆడగలరో ఆ కాగితం చెప్పదు. ఆడగలిగిన పిల్ల ఎందుకు ఆడలేకపోతోందో మాత్రం ఒక్కోసారి చెబుతుంది.

నా తప్పొకటి చెబుతా విను. మీ తర్వాత బ్యాచ్‌లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లెఫ్ట్ వింగ్ ఆడేది. ఫస్టాఫ్‌లో గోల్‌కీపర్ కాళ్ల సందులోంచి కొట్టేది. సెకండాఫ్ సగానికొచ్చేసరికి అదే షాట్ బార్ మీదుగా పోయేది. "మనసెక్కడుంది నీకు?" అని అందరి ముందూ అరిచాను. పాపం, తలొంచుకుని బూటు లేసు కట్టుకుంటూ కూర్చుంది. లేసు ఊడనే లేదు. ఆ తర్వాత స్కూలుకొచ్చిన డాక్టరమ్మ కంటి కింది రెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 8.6. ఏడాదంతా నేనేమో మణికట్టు తిప్పడం నేర్పుతూ కూర్చున్నా!

ఆరేడు సెకన్ల పరుగుకి కండరంలో దాచి ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ అనే ఇంధనం సరిపోతుంది. ఖర్చయింది మళ్లీ నిండాలంటే ఆక్సిజన్ కావాలి, దాన్ని మోసుకొచ్చేది హిమోగ్లోబిన్. అందుకే రక్తం తక్కువున్న పిల్ల మొదటి ఫాస్ట్ బ్రేక్‌లో, అంటే బంతి దొరగ్గానే ఎదురుదాడికి ఉరికేటప్పుడు, గువ్వలా దూసుకెళ్లి, పదోదానికి తేలిపోతుంది. ఎగరడం రెండంగుళాలు తగ్గిందంటే బంతి వదిలే చోటు మారిపోయినట్టే. ఇక గురేముంటుంది?

12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12 గ్రాములకు తగ్గకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత తేలింది. నీ టీమ్‌లో ఎందరుంటారో లెక్కేసుకో. తక్కువున్నవాళ్లను పీహెచ్‌సీకి తీసుకెళ్లు. వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాక, నీ కళ్ల ముందే మింగించు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోమను. తిన్న గంటదాకా టీ ముట్టనివ్వకు. పొద్దున ప్రాక్టీసుకి ఖాళీ కడుపుతో వస్తే వెనక్కి పంపకు, నీ దగ్గరే నాలుగు అరటిపళ్లో పల్లీ పట్టీలో ఉంచుకో.

ఇంకొకటి. 9 మీటర్ల గీత దగ్గర్నుంచి పది షాట్లు కొట్టించి రాసుకో. వెంటనే 40 మీటర్ల కోర్టు ఆరుసార్లు ఉరికించి, మళ్లీ పది కొట్టించు. మొదటి పదిలోనే నాలుగే పడితే విసరడం నేర్పు. ముందు ఎనిమిది పడి తర్వాత మూడే పడితే కంచం, నిద్ర, రక్తం చూడు.

మర్నాటి ఒళ్లునొప్పులకి లాక్టిక్ ఆసిడ్ కారణమని మీకు చెప్పేవాణ్ణి కదా, అది కొట్టెయ్. గంటా రెండు గంటల్లో అది సర్దుకుంటుంది. నొప్పి కండరాల్లో పడే సన్నటి చిరుగులది.

మగపిల్లల్లో ముందే మీసం వచ్చినవాడి బంతి వేగం చూసి మురిసిపోకు. అందులో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ వాటా చాలా ఉంటుంది, మిగతావాళ్లకీ ఏడాదో రెండేళ్లో ఆగితే వస్తుంది.

ఆ కాగితాలు స్టాఫ్‌రూమ్ బల్ల మీద వదిలెయ్యకు. ఏ పిల్ల సంగతి ఆ పిల్లకీ, వాళ్లమ్మకీ చెప్పు, అంతే. నులిపురుగుల మాత్ర ఈసారి అందరూ వేసుకున్నారో లేదో కనుక్కుని రాయి.

మీ సార్