టెక్ సందేహాలు: అమ్మేసిన కారుకు యాడ్ ఇంకా ఎందుకు తిరుగుతోంది?

విజయవాడ నుంచి ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డు యజమాని: "యార్డులో 40 బండ్లున్నాయి సార్. గూగుల్ యాడ్లకు రోజుకు 1,500 పెడుతున్నాను. ఫోన్లు బాగానే వస్తున్నాయి. ఎత్తితే ఒకరు కారు అద్దెకు కావాలంటారు, ఇంకొకరు డ్రైవర్ ఉద్యోగం ఉందా అంటారు. నిజంగా కొనేవాళ్లు అడిగేదేమో పోయిన నెల అమ్మేసిన బండిని. యాడ్లు చూసే కుర్రాడు 'సిస్టమ్ ఇంకా నేర్చుకుంటోంది, మూడు నెలలు ఓపిక పట్టండి' అంటున్నాడు. పట్టాలా?"

పట్టొద్దు. అది నేర్చుకుంటున్నది మీ ఫీజుతో. ఇదే ఫిర్యాదు ఊరి పేరు మార్చుకుని నాకు వస్తూనే ఉంది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం కార్ల యాడ్లకే ఇచ్చేస్తున్నాను.

ముందు ఖాతా తెరిచి 'సెర్చ్ టర్మ్స్' రిపోర్టు చూడండి. మీ కుర్రాడు పెట్టిన కీవర్డులు (ఏ మాట వెతికితే యాడ్ రావాలో ఖాతాలో ఇచ్చే మాటలు) వేరు, జనం నిజంగా టైపు చేసిన మాటలు వేరు. మీకు బిల్లు పడేది ఆ రెండోవాటికి. ఆమధ్య ఒక యార్డులో కూర్చుని, టీ తాగుతూ ఆ రిపోర్టును పై నుంచి కిందికి చదివాను. 'సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దె', 'కారు లోన్ ఈఎంఐ లెక్క', 'ఆర్‌సీ పేరు మార్పు ఫీజు', 'పాత కారు తుక్కు ధర', 'పిల్లల బ్యాటరీ కారు'. ఆఖరిదాని దగ్గర యజమాని వేలు పెట్టి, "దీనికీ నేనే కట్టానా?" అన్నారు. కట్టారు, మూడు క్లిక్కులకు.

ఇదంతా బ్రాడ్ మ్యాచ్ చలవ. 'సెకండ్ హ్యాండ్ కారు' అని ఇస్తే, దానితో చుట్టరికం ఉందని యంత్రానికి తోచిన ప్రతి మాటకూ మీ యాడ్ వెళ్తుంది. పూర్వం మాట ముందు ప్లస్ గుర్తు పెట్టి 'ఇది ఉండి తీరాలి' అని బిగించే వీలుండేది. 2021లో దాన్ని ఎత్తేశారు. ఇచ్చిన మాటకే యాడ్ రావాలనే 'ఎగ్జాక్ట్ మ్యాచ్' పేరైతే మిగిలింది గానీ, 2018 నుంచి అందులో 'అదే అర్థం వచ్చేవి' కూడా దూరిపోతున్నాయి. ఇక 'ఈ మాటలకు నా యాడ్ వద్దు' అని చెప్పే నెగెటివ్ కీవర్డులే దిక్కు: అద్దె, డ్రైవర్, ఉద్యోగం, స్పేర్ పార్ట్స్, తుక్కు, బొమ్మ. ఇక్కడో తిరకాసుంది. మీ డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు అర్థాలు వెతికే యంత్రం, ఖర్చు ఆపమన్నప్పుడు మాత్రం అక్షరాలే చూస్తుంది. 'అద్దె' అని ఆపితే 'రెంట్' ఆగదు. అందుకని ప్రతి మాటనూ తెలుగులో, ఇంగ్లిష్‌లో, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో, మూడు రకాలుగానూ రాయాలి. మనవాళ్లు మూడు రకాలుగానూ వెతుకుతారు.

లొకేషన్ కూడా చూడండి. విజయవాడ అని ఎంచుకున్నా, మామూలుగా పెట్టి ఉండే సెట్టింగు 'ఆ ఊళ్లో ఉన్నవాళ్లు, లేదా ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లు'. అంటే డాలస్‌లో కూర్చుని విజయవాడ సంగతులు వెతికే అబ్బాయికీ మీ యాడ్ కనబడొచ్చు. దాన్ని ఊళ్లో ఉన్నవాళ్లకే కుదించండి. (నాన్నకు ఇక్కడ కారు కొనిపెట్టే డాలస్ అబ్బాయిలు ఉన్నారు, కాదనను. వాళ్ల కోసం విడిగా ఒక క్యాంపెయిన్ పెట్టుకోండి, అర్ధరాత్రి ఫోనెత్తే మనిషి ఉంటేనే.) మీ యాడ్‌ను బయటి సైట్లకూ పంపే సెర్చ్ పార్ట్‌నర్లు, డిస్‌ప్లే నెట్‌వర్క్ అనే గడుల్లో ముందే టిక్కు ఉంటుంది, తీసేయండి. రోజుకు 1,500 అన్నా ఒక్కోరోజు 3,000 దాకా లాగొచ్చు. నెల మొత్తం మీద మాత్రం మీరు చెప్పిన దానికి 30.4 రెట్లు దాటదు. ఇంకో సంగతి: 'వస్తోందా లేదా' అని పొద్దున్నే సొంత యాడ్ మీద మీరే నొక్కి చూడకండి. ప్రివ్యూ టూల్ ఉన్నది అందుకే.

ఇక అమ్మేసిన బండి. దీనికి సెట్టింగు లేదు, జబ్బు యార్డులోనే ఉంది.

మీ స్టాకు లెక్క ఎక్కడుంది? గేటు పక్క వైట్‌బోర్డు మీద ఒకటి, మీ బావమరిది వాట్సాప్‌లో ఒకటి, వెబ్‌సైటులో ఇంకొకటి. బండి పోయిన సాయంత్రం బోర్డు తుడుస్తారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిస్తారు, తాళాలు చేతికిచ్చి ఫొటో దిగుతారు. వెబ్‌సైటు ఎవరికీ గుర్తురాదు. ఆ పేజీ ఉన్నంతకాలం యాడ్ జనాన్ని అక్కడికే తోలుతుంది.

అమెరికాలో డీలర్ల కోసం గూగుల్ 2022లో వాహనాల యాడ్లని విడిగా తెచ్చింది. వాటిలో కీవర్డుల గొడవ లేదు. స్టాకు ఫైలు అప్పగించాలి: ఛాసిస్ నంబరు, ధర, తిరిగిన మైళ్లు, రంగు, ఫొటో. దాంట్లోంచే యాడ్ తయారవుతుంది. ఫైల్లో ధరకూ పేజీలో ధరకూ పొంతన లేకపోతే ఆ బండి యాడ్‌ను ఆపేస్తుంది. నాకు నచ్చింది ఆ మొండితనమే. 40 బండ్లకు అంత హంగామా అక్కర్లేదు. ఒక్క షీటు చాలు: మోడల్ సంవత్సరం, కిలోమీటర్లు, ఎన్నో ఓనరు, ధర, ఆఖర్న 'ఉంది, టోకెన్ పడింది, అమ్మేశాం' అనే గడి. వెబ్‌సైటు ఆ షీటును చూసి నడవాలి. ఆ గడి మార్చాల్సింది డెలివరీ కాగితం మీద సంతకం పెట్టే మనిషే, అదే నిమిషంలో.

బండికో యాడ్ కూడా వద్దు. '2019 తెలుపు డీజిల్ ఆటోమేటిక్ సింగిల్ ఓనర్' అని ఎవరూ వెతకరు. అలాంటి కీవర్డు 'లో సెర్చ్ వాల్యూమ్' అని ముద్ర పడి మూలన కూర్చుంటుంది. 5 లక్షల లోపు, ఏడు సీట్లు, ఆటోమేటిక్ అని రకానికో యాడ్ పెట్టి, నొక్కినవాళ్లను ఆ రకంలో ఇవాళ ఉన్న బండ్ల జాబితాకు పంపండి. యాడ్ మాటల్లో ధరను చేత్తో రాయొద్దు. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి దిగింది. కొత్త బండి ధరే దిగినప్పుడు పాత బండిని పాత రేటుకు ఎవరు కొంటారు? చేత్తో రాసిన యాడ్లు మాత్రం అంతకు ముందు రోజు రేట్లే పాడుతూ కూర్చున్నాయి.

డీలర్ల కోసమని అమ్మే రెడీమేడ్ వెబ్‌సైట్ల మీద నాకో కక్ష ఉంది, ఇక్కడే తీర్చుకుంటాను. ధర చూడాలంటే ఫోన్ నంబరు ఇవ్వమంటాయి. ఇచ్చాక ధర చూపించవు, "మా ఎగ్జిక్యూటివ్ కాల్ చేస్తారు" అంటాయి. ఫొటో తెరిచేలోగా చాట్ డబ్బా ఒకటి కింది నుంచి లేచి సగం స్క్రీను మూసేస్తుంది. అమ్ముడైన బండి పేజీని తీసేయకుండా 'ఇలాంటివే మరికొన్ని' అని చూపించడం వాటి దృష్టిలో గొప్ప సదుపాయం. క్లిక్కుకు డబ్బు కట్టి మనిషిని గుమ్మం దాకా రప్పించుకుని, గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టినట్టుంటుంది.

హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: "యాడ్‌లో 4.20 లక్షలకు బండి చూశాను. ఫోన్ చేస్తే ఉందన్నారు, 'చాలామంది అడుగుతున్నారు, 5,000 టోకెన్ వేస్తే ఆపుతాం' అన్నారు. వేశాను. వెళ్తే అది నిన్ననే పోయిందని 5.60 లక్షల బండి చూపించారు. టోకెన్ వెనక్కి ఇవ్వమంటే ఇందులోకి సర్దుతామంటున్నారు."

విజయవాడ యార్డు ఉత్తరాన్ని గేటు బయట నుంచి చూస్తే ఇదీ. ఒకరి బద్ధకం ఇంకొకరికి వ్యాపార కిటుకు. అమ్మే ఉద్దేశం లేని ధరకు ఆశ చూపించి రప్పించడాన్ని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూన్ మార్గదర్శకాల్లో ఎర ప్రకటనల కిందే చెప్పింది. 2023 నవంబర్‌లో పేర్కొన్న 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాళ్లను మాయచేసే ఆన్‌లైన్ ఎత్తుగడల్లో) ఒకటి చూపించి ఇంకొకటి అంటగట్టడం కూడా ఉంది. యాడ్ స్క్రీన్‌షాట్, యూపీఐ రసీదు పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఈ మార్గదర్శకాల పేరెత్తి డీలరుకు ఒక్క మెసేజ్ పెట్టి చూడండి ముందు. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఇకమీదట బండి కళ్లతో చూడకుండా రూపాయి వేయకండి. యాడ్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే డబ్బు కట్టి వేయించిందెవరో పేరు వస్తుంది. యార్డు బోర్డు మీద ఒక పేరు, అక్కడ ఇంకో ఊరి ఇంకో పేరు ఉంటే వదిలేయండి. 'వెరిఫైడ్' అని ఉందని మురిసిపోవద్దు. ఆ పేరుగలవాళ్లు ఉన్నారని తప్ప, వాళ్లు నిజాయతీపరులని దానర్థం కాదు. బండి నంబరు ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో కొట్టి ఫైనాన్స్ ఇంకా తీరలేదేమో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. అడిగినప్పుడు వాళ్ల ముఖం చూడండి.

కరీంనగర్ నుంచి ఒక యువకుడు: "మూడు షోరూంల యాడ్లు నేనే చూస్తాను. మొన్న గూగుల్‌లో 'గూగుల్ యాడ్స్ లాగిన్' అని కొట్టి, పైన వచ్చిందాని మీద నొక్కి, పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చాను. పేజీ తిరిగి తిరిగి ఆగిపోయింది. తెల్లారేసరికి మూడు ఖాతాల్లోనూ ఎవరిదో ఈమెయిల్ అడ్మిన్‌గా ఉంది. షోరూం వాళ్లకు ఇంకా చెప్పలేదు."

శీర్షిక చదవడం ఇక్కడ ఆపి ముందు వాళ్లకు చెప్పండి. కార్డులు బ్లాక్ చేయించండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. మీ జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్ చేసి, రికవరీ ఫోన్ నంబరు మీదేనా అని చూడండి. తర్వాత యాడ్స్ ఖాతాలో 'యాక్సెస్ అండ్ సెక్యూరిటీ'కి వెళ్లి ఆ అడ్మిన్‌ను తీసేయండి. మిమ్మల్నే బయటికి నెట్టేసి ఉంటే, ఖాతా చేజారినప్పుడు నింపే ఫారం గూగుల్‌కే పంపాలి.

ఇప్పుడు జరిగిందేమిటో వినండి, ఎందుకంటే నన్ను అన్నిటికన్నా భయపెడుతున్నది ఇదే. 2025 జనవరిలో మాల్‌వేర్‌బైట్స్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు దీన్ని వివరంగా బయటపెట్టారు. మీరు నొక్కింది కూడా ఒక యాడే. పైన కనబడిన అడ్రసు అచ్చంగా యాడ్స్.గూగుల్.కామ్. యాడ్‌లో చూపించే అడ్రసూ, అసలు తీసుకెళ్లే అడ్రసూ ఒకే డొమైన్‌వి కావాలన్నది నిబంధన. దొంగలు దాన్ని తప్పలేదు, చక్కగా పాటించారు. ఎవరైనా ఉచితంగా పేజీ కట్టుకోగల సైట్స్.గూగుల్.కామ్‌లో నకిలీ పేజీ పెట్టారు. రెండూ గూగుల్.కామ్ కిందివే కదా! అక్కడి బటన్ నొక్కితే వేరే సైటులోని దొంగ లాగిన్‌కు పోతారు. మీ ఓటీపీ అక్కడ పడగానే వాళ్లు అసలు ఖాతాలో కొట్టేస్తారు, తమ జీమెయిల్‌ను అడ్మిన్‌గా చేర్చుకుంటారు. కొల్లగొట్టిన ఖాతాతోనే తర్వాతి మనిషికి ఇదే యాడ్ వేస్తారు. అంటే మీకు పడిన వలకు డబ్బు కట్టింది మీలాంటి ఇంకో అమాయకుడే కావచ్చు.

కార్ల ఖాతాలో ఇది మరీ ప్రమాదం. బడ్జెట్ పోతే బ్యాంకుతో పోట్లాడొచ్చు. కానీ నడుస్తున్న షోరూం యాడ్‌లో ఫోన్ నంబరు ఒక్కటి మార్చి, మిగతాదంతా అలాగే ఉంచేస్తే? పేరు షోరూందే, నమ్మకమూ దానిదే. హైదరాబాద్ పాఠకుడిలాంటి వాళ్లు ఫోన్ చేసి 5,000 టోకెన్ వేస్తూనే ఉంటారు, డబ్బు మాత్రం ఎక్కడికో పోతుంది. వారం తర్వాత గేటు దగ్గరికొచ్చి కేకలేసేది మాత్రం మీ షోరూం మీదే. అందుకే 'చేంజ్ హిస్టరీ' తెరిచి, ఆ రాత్రి నుంచి మారిన ప్రతి నంబరూ, ప్రతి లింకూ చూడండి.

ఇకమీదట యాడ్స్ లాగిన్‌కు బుక్‌మార్క్ వాడండి, వెతకొద్దు. ఓటీపీ వదిలి పాస్‌కీ (ఫోన్ వేలిముద్రతోనో, స్క్రీన్ లాక్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకోండి. అది అసలు డొమైన్‌లో తప్ప పని చేయదు, కాబట్టి మీరు మోసపోయినా అది మోసపోదు. షోరూం యజమానులకూ ఒక మాట: ఖాతా మీ సొంత మెయిల్ మీద ఉండాలి, కుర్రాడు తన మేనేజర్ ఖాతా (చాలామంది యాడ్ ఖాతాలను ఒకేచోట నుంచి చూసుకునేది) నుంచి దానికి లింకు కావాలి. గొడవొస్తే లింకు తెంపేస్తే సరి. పాస్‌వర్డును క్యాష్ కౌంటర్ వెనక క్యాలెండర్ మీద రాసిపెట్టిన షోరూం ఒకటి నేను చూశాను. దాని కిందే వైఫై పాస్‌వర్డు కూడా ఉంది. రెండూ ఒకటే.

ఖమ్మం నుంచి చివరిది, పొట్టిది: "నా యార్డు పేరు కొడితే ఎదుటి యార్డు యాడ్ వస్తోంది. ఆపలేమా?"

మీ పేరును కీవర్డుగా కొనుక్కోవడాన్ని గూగుల్ ఆపదు. యాడ్ మాటల్లో మీ ట్రేడ్‌మార్క్ వాడితే మాత్రం ఫిర్యాదు చేయొచ్చు. 2023 ఆగస్టులో అగర్వాల్ ప్యాకర్స్ పేరు మీద నడిచిన కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ కూడా ఇంచుమించు అదే చెప్పింది: కీవర్డుగా వాడినంత మాత్రాన ఉల్లంఘన కాదు, జనం ఎవరిదో తెలియక పొరబడేలా ఉంటే వేరే సంగతి. మీ పేరు ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ అయి ఉందా? లేకపోతే ముందు ఆ పని చూడండి. ఈలోగా మీ పేరు మీద మీరే ఎగ్జాక్ట్ మ్యాచ్‌తో ఒక యాడ్ పెట్టుకోండి. సొంత పేరు కాబట్టి మామూలుగా తక్కువలోనే వస్తుంది.