చామనఛాయకు నప్పే మేకప్ రంగులు ఎలా ఎంచుకోవాలి?

మీది చామనఛాయ అనీ, దుకాణంలో తేటగా కనిపించిన ఫౌండేషన్ ఇంటికి వచ్చేసరికి బూడిద పూసినట్లు తేలిపోతోందనీ, అక్క పెళ్ళికి ఏ రంగులు కొనాలో తోచడం లేదనీ రాశారు. విజయనగరంలో పెళ్ళికూతుళ్ళను అలంకరించడం నా వృత్తి. ఈ ఇబ్బంది నా దగ్గరకు వచ్చే అమ్మాయిల్లో చాలామందికి ఉన్నదే కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫౌండేషన్‌లో తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్‌నూ, పసుపు, ఎరుపు, నలుపుల కోసం ఐరన్ ఆక్సైడ్లనూ కలుపుతారు. షేడ్ లేతదయ్యే కొద్దీ అందులో తెల్ల పొడి వాటా పెరుగుతుంది. ఆ తెలుపు మన గోధుమవన్నె చర్మం మీద పలుచగా పరచుకున్నప్పుడు అడుగున ఉన్న ఛాయతో కలిసి బూడిద రంగుగా కనిపిస్తుంది. అందువల్ల "ఒక షేడ్ తెల్లగా ఉన్నదే వేయండి" అని ఇంటి పెద్దలు ఎంత చెప్పినా నేను ఒప్పుకోను. ఆ సలహా వల్ల అందమైన ముఖం కళ తప్పిపోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

రెండో కారణం అండర్‌టోన్, అంటే ఛాయ అడుగున లీలగా కనిపించే రంగు మొగ్గు. చర్మం ఎంత ముదురుగా ఉందన్నది ప్రధానంగా మెలనిన్‌ను బట్టి ఉంటుంది. కానీ అంతే ముదురుగా ఉన్న ఇద్దరిలో ఒకరి ఛాయ పసుపు వైపు, మరొకరిది ఎరుపు వైపు మొగ్గవచ్చు, కొందరిలో లీలగా ఆకుపచ్చ జీర కూడా ఉంటుంది. పసుపు మొగ్గు ఉన్న ముఖానికి గులాబీ మొగ్గు ఉన్న షేడ్ వేస్తే, ముదురు సరిగ్గా సరిపోయినా ముఖం వేరుగా, మెడ వేరుగా కనిపిస్తాయి. ఈ సందర్భంలో చాలామంది ఫిట్జ్‌పాట్రిక్ కొలమానం గురించి అడుగుతారు. అది 1975లో అమెరికా చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్, ఎండకు చర్మం కమిలే తీరును బట్టి చేసిన విభజన. మొదట తెల్లని చర్మాలకే పరిమితమై, గోధుమ, నలుపు ఛాయలు తరువాత చేరాయి. అది అండర్‌టోన్ గురించి ఏమీ చెప్పదు. మణికట్టు నరాల రంగు చూసే పద్ధతి కూడా ముదురు ఛాయల్లో నమ్మదగినది కాదు, ఎందుకంటే మనలో ఎక్కువమందికి ఆ నరాలు ఆకుపచ్చగానే కనిపిస్తాయి.

నేను వాడే పద్ధతి వేరు. మన పక్కనే ఉన్న పొందూరు ఖద్దరులో రంగు వేయని గుడ్డకు సహజమైన మీగడ రంగు ఉంటుంది. దానినీ, బాగా తెల్లబరచిన మరో గుడ్డనూ, పొద్దుటి వెలుతురులో, మేకప్ లేని ముఖం కింద ఒకదాని తరువాత ఒకటి పట్టుకొని అద్దంలో చూడండి. మీగడ రంగు దగ్గర ముఖం తేటపడి, తెల్లటి తెలుపు దగ్గర కళ్ళ కింది నలుపు పైకి తేలితే మీ ఛాయ పసుపు వైపు మొగ్గినట్లు. అందుకు విరుద్ధంగా జరిగితే ఎరుపు వైపు. రెండూ సమంగా నప్పితే మధ్యస్థమైన షేడ్లు తీసుకోండి.

ఆ తరువాత దుకాణంలో మూడు షేడ్లను చేతిమీద కాకుండా దవడ అంచు నుంచి మెడ వరకు సన్నని చారలుగా రాయించుకొని, వెంటనే కొనకుండా బయటి వెలుతురులోకి వచ్చి ఓ పావుగంట ఆగండి. చర్మపు జిడ్డు తగిలాక చాలా ఫౌండేషన్లు కొద్దిగా ముదురుతాయి, మన తీరప్రాంతపు ఉక్కపోతలో ఈ మార్పు త్వరగానే తెలుస్తుంది. ఏ చార ఎక్కడ ఉందో వెతుక్కోవలసి వస్తుందో అదే మీ షేడ్. ఎండలో బండి నడిపేవారి ముఖం మెడకన్నా ముదురుగా ఉంటుంది. అటువంటప్పుడు మెడకు కలిసే షేడే మేలు.

లిప్‌స్టిక్ విషయంలో పెదవుల సొంత రంగును మరచిపోకూడదు. మనలో చాలామందికి పై పెదవి కింది దానికన్నా ముదురుగా ఉంటుంది, అందుచేత పాలరంగు కలిసిన లేత గులాబీలు పైన ఒక రంగుగా, కింద మరో రంగుగా పలుకుతాయి. పసుపు మొగ్గుకు ఇటుక ఎరుపు, ఎరుపు మొగ్గుకు రాణి రంగు, నేరేడు రంగు నిండుగా ఉంటాయి. మెరూన్ ఇద్దరికీ నప్పుతుంది. బుగ్గలకూ అదే వరుసలో కాస్త పలుచని రంగు చాలు. చీర రంగుకు లిప్‌స్టిక్‌ను జత చేయడంకన్నా నుదుటి కుంకుమతో పొత్తు కుదురుతుందో లేదో చూడటం మంచిదని నా అభిప్రాయం. కాటుక ఎవరికైనా నలుపే.

మన పెళ్ళిళ్ళలో ముహూర్తం తరచుగా రాత్రివేళే పడుతుంది కాబట్టి ముందురోజు చీకట్లో ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయించి చూసుకోండి. తెల్ల పొడి ఎక్కువున్న సన్‌స్క్రీన్లూ, పౌడర్లూ అద్దంలో కనిపించని తెలుపును అందులో చూపిస్తాయి. మీకు సరిపోయే షేడ్ ఒకే సీసాలో దొరకకపోతే, మీ ఛాయకన్నా కొంచెం ముదురుదీ, కొంచెం లేతదీ రెండు చిన్న సీసాలు కొని, అరచేతి వెనుక కలుపుకొని వాడండి; వేసవిలో ముదురుది, చలికాలంలో లేతది కాస్త ఎక్కువ వేసుకుంటే ఏడాది పొడవునా అవే సరిపోతాయి.