పెరటి తోటకు ఆరు లక్షలు పెట్టవచ్చునా?

ప్రశ్న: నా వయసు 61. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం చేసి ఈ మధ్యే పదవీ విరమణ పొందాను. భవిష్య నిధి, గ్రాట్యుటీ కలిపి 24 లక్షల రూపాయలు వచ్చాయి. నెలకు 4,500 రూపాయల పింఛను ఉంది. నేనూ నా భార్యా తెనాలి దగ్గర మా ఊళ్లోని పాత ఇంటికి వెళ్లిపోవాలనుకుంటున్నాము. అక్కడ నెలకు 16,000 ఖర్చవుతుంది. అందులో కూరగాయలకు, పండ్లకు 3,000 దాకా పోతుంది. ఇంటి వెనుక 20 సెంట్ల పెరడు, అందులో పాత బోరు ఉన్నాయి. కొత్త బోరు, ప్రహరీ, డ్రిప్పు, 60 పండ్ల మొక్కలు కలిపి 6 లక్షలు అవుతుందనీ, నాలుగో ఏటి నుంచి ఏడాదికి 2 లక్షలు వస్తాయనీ నర్సరీ వారు అంటున్నారు. స్థలం ఇంకా నాన్నగారి పేరునే ఉంది. వీలునామా లేదు. అమ్మానాన్నలు ఇద్దరూ కాలం చేశారు. తమ్ముడు, చెల్లెలు అభ్యంతరం లేదంటున్నారు. ఈ పెట్టుబడి మంచిదేనా?

సమాధానం: తోట తప్పకుండా వేయండి, కాని ఆరు లక్షలు పెట్టకండి. ఇరవై సెంట్ల పెరడు మీ ఇంటి ఖర్చును తగ్గించగలదే గాని మిమ్మల్ని పోషించే ఆదాయం కాజాలదు. అందువల్ల దానికయ్యే ఖర్చు మీ సొమ్ముపై వచ్చే వడ్డీలోంచి రావాలి, అసలులోంచి కాదు.

మీ 24 లక్షల్లో 4 లక్షలు ఆసుపత్రి వంటి అత్యవసరాల కోసం బ్యాంకు డిపాజిట్‌లో ఉంచి, మిగిలిన 20 లక్షలు పోస్టాఫీసులోని సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేశారనుకుందాము. 60 ఏళ్లు నిండినవారు ఇందులో 30 లక్షల దాకా దాచుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో ఈ పథకం వడ్డీని 8.2 శాతం చేశారు. ప్రభుత్వం రేటును మూడు నెలలకొకసారి సమీక్షిస్తుంది కనుక చేరే రోజున ఎంత ఉందో చూసుకోండి, చేరిన తరువాత ఆ రేటు ఐదేళ్ల పాటు మారదు. 8.2 శాతం చొప్పున 20 లక్షలకు ఏడాదికి 1,64,000, అంటే నెలకు సుమారు 13,670 రూపాయలు వస్తాయి. పింఛనుతో కలిపితే 18,170. ఖర్చు పోను నెలకు రెండు వేలకు పైగా మిగులుతుంది. అదే 6 లక్షలు తోటలో పెట్టి 14 లక్షలే డిపాజిట్ చేస్తే, పింఛనుతో కలిపి నెలకు వచ్చేది 14,070 రూపాయలే కాబట్టి మొదటి నెల నుంచే దాదాపు రెండు వేలు తక్కువ పడుతుంది. మొక్కలు ఎదిగేదాకా ఆ లోటును అత్యవసర నిధిలోంచి పూడ్చుకోవలసి వస్తుంది. ఆసుపత్రి ఖర్చులు ఎదురయ్యే వయసులో ఆ నిధి కరిగిపోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ఇక రెండు లక్షల రాబడి మాట. ఇరవై సెంట్లంటే 8,712 చదరపు అడుగులు. అరవై మొక్కలను పన్నెండు అడుగుల ఎడంలో నాటితే ఆ స్థలమంతా అక్కడికే సరిపోతుంది, నడిచే దారికీ కూరగాయల మళ్లకూ జానెడు చోటు మిగలదు. పైగా నిమ్మకు ఇరవై అడుగులు, కొబ్బరికి పాతిక అడుగుల ఎడం కావాలి. మామిడిని పాత పద్ధతిలో ముప్పై అడుగులకు పైగా ఎడంతో నాటేవారు. ఇరుకున నాటిన చెట్లు ఎండ కోసం పోటీపడి నిట్టనిలువుగా పెరుగుతాయి, కాపు తగ్గుతుంది, కోయడం కష్టమవుతుంది. కొద్దిగా కాసిన సరుకును తెనాలి మార్కెట్టుకు చేర్చడానికయ్యే ఆటో ఖర్చు, కోత కూలీ, కమిషను పోను చేతికి ఎంత వస్తుందో కూడా ఆలోచించండి. వేసవిలో మంచి ధర పలికే నిమ్మకాయకే వానాకాలంలో కాపు ఎక్కువై ధర పడిపోతుంది.

అన్నిటికంటే ముందు చూడవలసింది స్థలం ఎవరిదన్న విషయం. మీ నాన్నగారు వీలునామా రాయలేదు, అమ్మగారు కూడా లేరు కనుక, ఇతర వారసులెవరూ లేని పక్షంలో, ఆ ఇంటిపైనా పెరటిపైనా మీ ముగ్గురికీ సమాన హక్కు ఉంటుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ చెల్లెలి వాటా మీ వాటాకు ఏమాత్రం తక్కువ కాదు. ఈనాడు వారు అభ్యంతరం లేదని మనస్ఫూర్తిగానే అంటూ ఉండవచ్చు. కాని బోరు, ప్రహరీ, చెట్లు నేలతో పాటే పోయే ఆస్తి. రేపు పంపకాలు జరిగినప్పుడు బోరు ఒకరి భాగంలోకి, చెట్లు మరొకరి భాగంలోకి వెళ్తే మీరు పెట్టిన సొమ్మును విడదీసి అడగడం చట్టపరంగానూ, తోబుట్టువుల మధ్యనూ ఇబ్బందే. కనుక ముగ్గురూ కూర్చుని, పంచుకునేటట్లయితే పంపకాల దస్తావేజు, వారు తమ వాటా మీకు వదిలేటట్లయితే హక్కు విడుదల దస్తావేజు రాయించి, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించండి. అందుకు ప్రతిఫలంగా వారికి కొంత సొమ్ము ఇవ్వవలసి వస్తే, డిపాజిట్ చేయకముందే దాన్ని పక్కన పెట్టండి. సీనియర్ సిటిజన్స్ పథకంలోంచి ఏడాది లోపు తీసుకుంటే వడ్డీ దక్కదు, రెండేళ్ల లోపయితే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తరువాత ఒక శాతం కోత పడుతుంది. దస్తావేజు పూర్తయ్యేదాకా నేలలో పాతిపెట్టే ఖర్చేదీ చేయకండి. పనిముట్లు, నీటి గొట్టాలు, విత్తనాలు, ఆకుకూరల మళ్లు, వీటికి మాత్రం ఎవరి సంతకమూ అక్కరలేదు.

తోటకు నేను సూచించే పరిమితి మూడేళ్లలో 75,000 రూపాయలు. నెలనెలా మీకు మిగిలే రెండు వేల పైచిలుకు మూడేళ్లకు దాదాపు అంతే అవుతుంది. ఈ తోట మీ కూరగాయల, పండ్ల ఖర్చును సగానికి తగ్గించిందనుకుంటే నెలకు 1,500 మిగులుతుంది. కరెంటు, ఎరువు, అప్పుడప్పుడూ కూలీ కింద 500 తీసేస్తే ఏడాదికి 12,000. అంటే 75,000 ఆరేళ్లకు పైగా పట్టి తిరిగి వస్తుంది, ఆరు లక్షలయితే యాభై ఏళ్లు పడుతుంది. అయితే ఈ లెక్కలో ఒక మేలు కనబడదు. మీ వడ్డీ ఐదేళ్ల పాటు పెరగదు, కూరగాయల ధరలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటిన రోజుల్లో పెరట్లో వంగ, బెండ, దొండపాదు ఉన్న ఇల్లాలికి బజారు మీద ఆధారపడే అవసరం కొంతయినా తగ్గింది. స్థిరమైన ఆదాయంతో బతికేవారికి ఆ రక్షణ చాలా విలువైనది.

కొత్త బోరు ఆలోచనను ప్రస్తుతానికి వాయిదా వేసి, పాత బోరు నీటిని, పెరటి మట్టిని పరీక్ష చేయించండి. డెల్టాలో ఒక వీధిలో తీపినీరు, పక్క వీధిలో ఉప్పునీరు పడటం తెలిసినదే. ఒకవేళ కొత్తది తవ్వించవలసి వస్తే నీరు, నేల, చెట్ల సంరక్షణకు ఉద్దేశించిన వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ప్రహరీకి బదులు ముళ్లకంచె వేసి, దాని వెంట గోరింట నాటితే చాలు. ఏ అంటు మొక్క మీ నేలకు పనికివస్తుందో ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో అడగండి.

మొదటి ఏడాది రెండు సెంట్లలో తోటకూర, గోంగూర, బచ్చలి, వంగ, బెండ వేసి, ఒక పందిరిపై దొండ, మరొక పందిరిపై బీర, కాకర, సొర పాకించండి. తోటకూర నెల లోపే కోతకు వస్తుంది. విత్తనంతో వేసిన పి.కె.ఎం.-1 రకం మునగ ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కాస్తుంది. స్నానాల గది నీరు పారేచోట అరటి పెట్టుకోండి. బొప్పాయిని మాత్రం మెరక మీదే నాటండి, నీరు నిలిస్తే అది చచ్చిపోతుంది. దస్తావేజు అయ్యాక రెండు జామ, రెండు నిమ్మ, ఒక మామిడి, ఒక సపోటా, రెండు కొబ్బరి పెట్టండి. జామ మూడో ఏట, నిమ్మ నాలుగో ఏట, మామిడి అంటు నాలుగైదేళ్లకు, పొడవు రకం కొబ్బరి ఆరేడేళ్లకు కాపుకు వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి గాలులకు ముందుగా పడిపోయేది అరటే కనుక దాని గెలల మీద వచ్చే డబ్బును మీ బడ్జెట్‌లో కలపవద్దు.

పన్ను గురించి దిగులు అక్కరలేదు. మీ వడ్డీ, పింఛను కలిపినా పన్ను పరిధిలోకి రావు. అయితే సీనియర్ సిటిజన్లకు ఏడాది వడ్డీ లక్ష దాటితే ముందుగానే పన్ను కోస్తారు కాబట్టి, కోయవద్దని ఏటా స్వీయ ప్రకటన పత్రం పోస్టాఫీసులో ఇవ్వండి.

నర్సరీ వారికి బయానా ఇంకా ఇచ్చి ఉండకపోతే ఇవ్వకండి. దస్తావేజు రిజిస్టరయ్యాక, తొలకరి పడిన తరువాత, అదే నర్సరీ నుంచైనా సరే, అరవైకి బదులు ఎనిమిది మంచి మొక్కలు మీరే ఎంచుకుని రశీదుతో తెచ్చుకోండి.