డ్యాష్‌బోర్డు వెనక వేలాడే కప్లర్లు: మేనల్లుడికి ఉత్తరం

గుణుపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కొత్తగా కొన్న సెకండ్‌హ్యాండ్ పికప్‌కి డెక్కు (పాటల ప్లేయరు) పెడదామని డ్యాష్‌బోర్డు విప్పితే, దేనికీ తగిలించని కప్లర్లు (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు) వేలాడుతున్నాయని రాశావు. కంగారు పడకు. చాలా బళ్లకి కంపెనీ ఒకే వైరింగ్ సెట్టు వేస్తుంది. పవర్ విండో, సెంట్రల్ లాక్, ఫాగ్ ల్యాంపు నీ మోడల్‌లో లేకపోయినా వాటి కప్లర్లు లోపల ఉండిపోతాయి. అయితే వేలాడేదల్లా ఖాళీది అనుకోకు. మల్టీమీటరు (వోల్టులు, ఓమ్స్ కొలిచేది) చేతికి తీసుకునేముందు ఆ తేడా తేల్చుకో.

కంపెనీ వదిలేసిన కప్లర్‌ని సాధారణంగా వైరింగ్ కట్ట వైపు మడిచి, గుడ్డ టేపుతోనో స్పాంజి టేపుతోనో చుట్టేసి ఉంచుతారు. లోపల పిన్నుల మీద గీత ఉండదు. ఎప్పుడో దేనికో తగిలించినదైతే లాకు నాలుక దగ్గర ప్లాస్టిక్ కాస్త అరిగి నున్నగా ఉంటుంది. టార్చి వేసి చూస్తే పిన్ను మీద రుద్దుకున్న సన్నటి గీత మెరుస్తుంది. అలాంటిది కనబడితే దాని జత దగ్గర్లోనే ఉంటుంది. బ్లోయర్ దగ్గర, గ్లవ్ బాక్సు వెనక, మీటర్ బోర్డు వెనక వెతుకు. ఎలకలు కొరికిన వైరు కూడా ఇక్కడే బయటపడుతుంది. వానాకాలంలో ఆరుబయట నిలిపే బండిలో అది మామూలే.

చెయ్యి పెట్టకూడనివి మూడు. పసుపు కప్లర్, పసుపు గొట్టంలో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి టెస్ట్ ల్యాంపు గానీ మీటరు గానీ తగిలించకు, బ్యాగ్ పేలే ప్రమాదముంది. స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టు బండి లోపాలు చదివే స్కానర్ కోసం. దాన్ని ఖాళీదనుకుని కరెంటు లాగొద్దు. రెండు వైర్లు వచ్చి మూతలోనే కలిసిపోయే కప్లర్ ఉంటే అది లూపు. పీకితే ఏదో ఒక సర్క్యూట్ ఆగిపోతుంది.

ఇక పరీక్ష. ముందు ఫోనులో ఫొటోలు తీసుకో. మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ప్రోబు (మీటరు వైరు చివరి సూది) బాడీ మీద పెయింటు లేని బోల్టుకి ఆనించు. పెయింటు ఉంటే రీడింగ్ అబద్ధం చెబుతుంది. ఎర్ర ప్రోబుని పిన్ను ముందు నుంచి పొడవకు. లోపలి రేకు విచ్చుకుంటే తర్వాత కప్లర్ తగిలించినా లూజుగానే ఉంటుంది, ఘాట్ రోడ్డు కుదుపులకి లైటు వస్తూ పోతూ ఉంటుంది. వైరు దిగే వెనక వైపు నుంచి సన్నటి పిన్నుతో అందుకో.

తాళంచెవి తీసేసి ఉన్నప్పుడే 12.4 నుంచి 12.7 వోల్టులు చూపిస్తే అది ఎప్పుడూ ఉండే బ్యాటరీ లైను. మొదటి మెట్టు తిప్పితే వచ్చేది యాక్సెసరీ. ఆన్‌లో వచ్చేది ఇగ్నిషన్. ఈ రెంటికీ తేడా తెలియకపోతే స్టార్టు కొట్టి చూడు: సెల్ఫు తిరిగేటప్పుడు యాక్సెసరీ పడిపోతుంది, ఇగ్నిషన్ నిలబడుతుంది. పార్కింగ్ లైటు వేస్తేనే వచ్చేది డెక్కు బల్బులది. తర్వాత బ్రేకు తొక్కు, ఇండికేటర్ వెయ్యి, రివర్సు గేరు వెయ్యి, ఏ పిన్ను ఎప్పుడు మారిందో చూడు. సున్నా చూపించే పిన్ను చచ్చినదే కానక్కర్లేదు, ఎర్త్ (బాడీకి కలిపిన మైనస్) కావచ్చు. తాళంచెవి తీసేసి, కరెంటు లేదని నిర్ధారించుకున్నాకే ఓమ్స్ మీద కొలువు. బాడీకి ఒక ఓమ్ లోపు వస్తే ఎర్త్. తలుపు స్విచ్చు వైరు తలుపు తెరిస్తేనే ఎర్త్ అవుతుంది, కాబట్టి తెరిచి, మూసి చూడు. 2.5 వోల్టుల దగ్గర ఊగే లేదా 5 వోల్టులు చూపించే వైర్లు ఈసీయూవి (బండిలోని కంప్యూటరువి) కావచ్చు, వదిలెయ్.

మీటరు 12 వోల్టులు చూపించినంత మాత్రాన లైను మంచిదని నమ్మకు. మీటరు లాగే కరెంటు అతి తక్కువ. లోపల చిలుం పట్టి ఒక్క పోగు మిగిలిన రాగి మీదుగా కూడా అది 12 చూపిస్తుంది. ఖాయంగా పవర్ లైనే అనిపించిన దానికి మాత్రం 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించు. వెలిగి, వోల్టేజీ పెద్దగా పడకపోతే సరే. పడిపోతే దాన్ని వాడకు.

ఏమీ రాని కప్లర్‌కి ఫ్యూజు బాక్సు మూత తిరగేసి చూడు. ఖాళీ గడి ఉందేమో, లేక దాని రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు) పెట్టలేదేమో. ఫ్యూజు పెట్టేటప్పుడు మూత మీద రాసిన ఆంపియర్లదే పెట్టు: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. వైరు సన్నమని తెలిసీ పెద్ద ఫ్యూజు పెడితే ఫ్యూజు కన్నా ముందు వైరే కాలుతుంది.

డెక్కు సాకెట్టు 8 పిన్నుల జంట అయి, ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణం) రకమైతే పవర్ బ్లాకులో 4వది బ్యాటరీ, 7వది యాక్సెసరీ, 8వది ఎర్త్. రెండో బ్లాకు స్పీకర్లది. అది స్పీకరేనా అన్న అనుమానం తీరాలంటే జంట వైర్లకి 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించు, స్పీకర్ ‘టప్’మంటుంది. స్పీకర్ మైనస్‌ని బాడీకి కలపకు, డెక్కు కాలిపోవచ్చు. వైరు రంగుల్ని మాత్రం నమ్మకు. బజారు డెక్కులో పసుపు బ్యాటరీ, ఎరుపు యాక్సెసరీ అయినా బండి వైర్లు అలాగే ఉంటాయన్న గ్యారంటీ లేదు.

ఫాగ్ ల్యాంపు కప్లర్ దొరికినా 55 వాట్ల బల్బులు రెండు పెడితే తొమ్మిది ఆంపియర్లకు పైనే లాగుతాయి. కప్లర్ లైనుతో రిలే 86వ నంబరు పిన్నుకి సిగ్నల్ ఇచ్చి, 85 ఎర్త్ చేసి, 30కి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో విడిగా లైను లాగు. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. 87 నుంచి బల్బులకి. మాకు చిన్న అద్దె బళ్లలో ఎక్కువగా కనబడే కాలిన వాసన, స్విచ్చు మీదుగా నేరుగా ఇచ్చిన ఫాగ్ ల్యాంపులదే.

గుర్తించిన ప్రతి కప్లర్‌కీ కాగితం టేపు చుట్టి ‘ఆన్‌లో 12’, ‘ఎర్త్’, ‘ఖాళీ’ అని రాయి. వాడనివాటికి ప్లాస్టిక్ టోపీ గానీ హీట్ ష్రింకు గానీ వేసి గుడ్డ టేపు చుట్టు. పీవీసీ టేపు ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. స్టీరింగు రాడ్డుకీ క్లచ్ పెడలుకీ తగలకుండా కట్టి, పెడల్ మూడు నాలుగు సార్లు తొక్కి చూశాకే డ్యాష్‌బోర్డు మూయి.

ఇట్లు,
మావయ్య